చేతుల తనిఖీ

“చేతులు చాపండి. ముందు అరచేతులు. ఇప్పుడు తిప్పండి.”

సూర్యప్రభ క్లాసు రోజూ ఇలాగే మొదలయ్యేది. గోళ్లు, కాలరు, బూట్లు, జుట్టు. అవి చూశాకే పాఠం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక బేకరీ పైన మూడో అంతస్తులో ఆ శిక్షణ కేంద్రం. పక్క గదిలో బ్యాంకు పరీక్షల కోచింగ్, కింద కంప్యూటర్ కోర్సులు. ఈ గదిలో మాత్రం పుస్తకాలు ఉండవు. ఆఫీసు గుమ్మం ఎన్నడూ తొక్కని పిల్లలకు ఎలా నిలబడాలో, ఏం కట్టుకోవాలో, ఎదుటివాడు అరుస్తుంటే మొహం ఎలా పెట్టాలో నేర్పేది సూర్యప్రభ. విజయవాడలో ఒక పెద్ద హోటల్ రిసెప్షన్‌లో చాలా కాలం పనిచేసింది. భర్త ఉద్యోగం వల్ల సరూర్‌నగర్‌లో స్థిరపడింది. ఆమె చేతి కింద తయారైన పిల్లలు నగరంలో చాలా కౌంటర్ల వెనక కనిపిస్తారు.

ఆ శనివారం సగం కుర్చీలు ఖాళీ. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్సులు డిపోలు దాటడం లేదు. కుర్రాళ్లు గుంపుగా వచ్చి షట్టర్లు మూయించారు. హాస్టల్ పిల్లలు దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడిప్పుడే కొందరు తిరిగి వస్తున్నారు. కింద షట్టరు సగం దించి, గుట్టుగా క్లాసులు నడుపుతున్నారు.

వరుస చివర నిలబడ్డ అమ్మాయి చేతులు చాపలేదు. వీపు వెనక దాచుకుంది.

“మాలతీ, నీకు వేరే చెప్పాలా?”

మాలతి చేతులు ముందుకు తెచ్చింది. మణికట్టు దాకా ఎరుపు. మామూలు ఎరుపు కాదు, ఎండిన నెత్తురులాంటి ఎరుపు. గోళ్ల చుట్టూ, వేళ్ల ముడతల్లో నల్లటి గీతలు.

“ఏంటిది?”

“రంగు మేడం. ఊరికి పోయిన గద... వెళ్లాను కదండీ. నాయినకు నూలు అద్దకంల సాయం చేసిన. చేశాను.”

“హోలీకి ఇంకా శానా టైముంది గద మాలతీ!” అన్నాడు వెనక నుంచి హరిప్రసాద్. చౌటుప్పల్ కుర్రాడు, క్లాసులో నోరు ఊరుకోదు. “గింత ముందుగాల్నే ఆడినవా?”

అందరూ నవ్వారు. మాలతి కూడా నవ్వింది. సూర్యప్రభ నవ్వలేదు.

“హరిప్రసాద్, నీ టై ఏది?”

“జేబుల ఉంది మేడం. టై కట్టుకొని రోడ్డు మీదికొస్తే సమ్మెల ఉన్నోళ్లు దాన్నే పట్టుకొని గుంజుతరు. నా పీక మీకు కావాల్నా వద్దా?”

“ఇక్కడ కట్టుకో. కూర్చో.”

క్లాసు అయిపోయాక మాలతిని ఉండమంది.

సోమవారం ఉదయం ఇంటర్వ్యూ. ఎల్బీనగర్‌లో కొత్తగా తెరిచిన ఆస్పత్రి, ముందు డెస్క్‌లో ఒకే ఒక్క ఖాళీ. అక్కడ సిబ్బంది వ్యవహారాలు చూసే పట్టాభి, సూర్యప్రభకు హోటల్ రోజుల నుంచీ తెలుసు. మంచి పిల్లను పంపమని అడిగాడు. ఆమె క్షణం కూడా ఆలోచించకుండా మాలతి పేరు చెప్పింది.

కారణం ఉంది. ఒకసారి క్లాసులో హరిప్రసాద్‌ను రోగి తరఫు బంధువుగా నటించమంది. వాడు బల్ల గుద్ది అరిచాడు, కుర్చీ తన్నాడు. తక్కిన పిల్లలు నేర్పిన మాటలు అప్పజెప్పారు. మాలతి వంతు వచ్చినప్పుడు ఆమె బల్ల దాటి ఇవతలికి వచ్చింది. తన్నిన కుర్చీని నిలబెట్టి, “కూసో అన్నా, నీళ్లు తాగు. ఎవరికి బాగలేదు?” అంది. వాడు నటన మరిచిపోయి కూర్చున్నాడు. కౌంటరు దాటి రాకూడదని, ఆ భాష కూడదని సూర్యప్రభ గట్టిగా మందలించింది. కానీ ఆ రాత్రంతా ఆ దృశ్యమే ఆమె కళ్లలో ఉంది.

“ఈ ఉద్యోగం నీకెంత అవసరమో తెలుసు కదా?” అంది ఇప్పుడు.

తెలియకేం! దసరా వరకే ఇంట్లో గడువు. ఈలోగా ఉద్యోగం దొరక్కపోతే పోచంపల్లి వెళ్లి ఆసు పోయాలి. అంటే మేకుల చుట్టూ నూలుపోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. చీర వెనక చీర, ఏళ్ల తరబడి. మాలతి తల్లి భూలక్ష్మి అలా తిప్పి తిప్పి ఇప్పుడు కుడి చెయ్యి పైకెత్తలేదు. ఆమె జడ మాలతే వేసేది. సిటీకి వచ్చాక పక్కింటావిడ వేస్తోంది. ఉద్యోగం వస్తే తల్లిని ఆ మేకుల ముందు నుంచి లేపి తీసుకొచ్చేస్తానని మాలతి అందరితోనూ చెప్పేది.

“తెలుసు మేడం.”

“అయితే సోమవారానికి ఆ చేతుల మీద ఒక్క మరక ఉండకూడదు.”

“గట్ల పోదు మేడం. చర్మం మారాలె, గోరు పెరగాలె. అప్పుడే పోతది.”

“నిమ్మకాయ రుద్దు. కిరోసిన్‌తో తుడువు.”

“అవన్నీ చూసిన... చూశానండి. గోరింటాకు పెట్టుకుంటే? పైన కప్పుతది. పండుగ దినాలే గద, ఎవ్వరూ అనుకోరు.”

“ఆస్పత్రి డెస్క్‌లో గోరింటాకా? గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తారు. మాలతీ, నేను చెప్పేది విను. పట్టాభి గారు ముందు చేతులు చూస్తారు, తర్వాతే మొహం చూస్తారు. మరక కనబడితే రెండో ప్రశ్న అడగరు. నాకు తెలుసు ఆయన సంగతి.”

మాలతి చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నెమ్మదిగా అంది:

“నూలుకు పట్టిన రంగయితే దించొచ్చు మేడం.”

“అయితే దించు.”

ఎలా దించుతారని సూర్యప్రభ అడగలేదు. ఆమె మనసు అప్పటికే చీర మీదికి వెళ్లిపోయింది. “మీగడ రంగు కాటన్ చీర ఉంది కదా, అది కట్టుకో. పిన్నులు భుజం మీద ఒకటి, నడుం దగ్గర ఒకటి. బస్సుల్లేవు కాబట్టి నేనే స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్తాను.”

“మీరు కోపం జేస్తరు గానీ, మంచోళ్లు మేడం,” అంది మాలతి.

“చేస్తారు. జేస్తరు కాదు.”

“చేస్తారు,” అంది మాలతి బుద్ధిగా.

* * *

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో తిరుపతమ్మ ఇల్లు. మేడ మీద ఒంటి గది మాలతిది. సోమవారం సూర్యప్రభ స్కూటర్ ఆపేసరికి తిరుపతమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

“మీరేనా మేడం? జర పైకి పోయి చూడుండ్రి. పిల్ల పొద్దుగాల నుంచి నల్లా కింద చేతులు పెట్టుకొని కూసుంది. అడుగుతె ఏం లేదంటది. ట్యాంకుల నీళ్లన్నీ ఒడగొట్టింది.”

సూర్యప్రభ మెట్లెక్కింది. తలుపు తీసే ఉంది. మాలతి తయారై నిలబడి ఉంది. మీగడ రంగు చీర, కుచ్చిళ్లు ఒక్కటీ చెదరలేదు. జుట్టు బిగించి వేసిన ముడి. నుదుట చిన్న బొట్టు. సూర్యప్రభ నేర్పినదంతా ఎదురుగా నిలబడి ఉన్నట్టుంది.

“గుడ్ మార్నింగ్ మేడం.”

“గుడ్ మార్నింగ్. చీర ఎవరు కట్టారు?”

“తిరుపతమ్మ ఆంటీ కోడలు కట్టిందండీ. నాకు కుచ్చిళ్లు పట్టుకోవడం రాలేదు.”

చేతులు తడి తువ్వాల్లో చుట్టి ఉన్నాయి.

“తువ్వాలు తియ్యి.”

“రంగు పోయింది మేడం. ఒక్క మరక లేదు.”

“తియ్యమన్నానా!”

తీసింది.

నిజంగానే మరక లేదు. ఎరుపు పోయింది, నలుపు పోయింది. వాటితోపాటు చెయ్యి కూడా పోయినట్టుంది. వేళ్లు ఉబ్బి, నీళ్లలో నానిన పిండిలా తెల్లబడ్డాయి. అరచేతి మీద చర్మం పొరలుగా లేచింది. కుడిచేతి వేళ్ల సందుల్లో పచ్చిగా తడి మెరుస్తోంది. గోళ్ల మొదళ్లు బూడిద రంగులోకి తిరిగాయి.

సూర్యప్రభ దగ్గరికి వచ్చింది.

“ఏం చేశావే?”

“నూలుకు రంగు తప్పుగా పట్టితే దించుతం మేడం. కాస్టిక్ సోడా ఏసి, రంగు దింపే పొడి ఏసి, వేడి నీళ్లల్ల పెడ్తం. మేం పని అయినంక చేతులకు కూడ చిటికెడు రుద్దుకొని వెంటనే కడుక్కుంటం. అందుకే పొట్లం కట్టుకొని తెచ్చుకున్న. గట్ల చేస్తే సగమే పోతది. మీరు ఒక్క మరక ఉండొద్దంటిరి. అందుకని నూలుకు చేసినట్లే చేసిన. బకెట్ల కలిపి, కాగబెట్టి, చేతులు పెట్టుకొని కూసున్న.”

“మండలేదా? పిచ్చిదానా, మండలేదా నీకు?”

“నిన్న పెద్దగ మండలే. సబ్బులెక్క జారింది అంతే. రంగు దిగుతుంటే మంచిగనిపించింది. పొద్దుగూకినంక మొదలైంది. ఇప్పుడు మండుతుంది... మండుతోందండి.”

ఆ స్థితిలో కూడా మాట సరిదిద్దుకుంది.

“పద ఆస్పత్రికి.”

“అక్కడికే గద మేడం పోయేది. ముందు ఇంటర్వ్యూ, తర్వాత డాక్టరు. రెండూ ఒక్కటే బిల్డింగుల ఉన్నయి. నేను ఏడ్వను. చూడుండ్రి, నవ్వుతున్న. చేతులు ఒళ్లో పెట్టుకుంటే కనబడవు. రంగైతే లేదు గద!”

సూర్యప్రభ వాదించలేదు. వాదించడానికి సమయం లేదు. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం నిజం. వెళ్లాల్సింది ఆ బిల్డింగుకే.

మాలతి వెనక కూర్చుంది. పట్టుకోవడానికి వీల్లేక రెండు మోచేతులూ సూర్యప్రభ నడుముకు ఆనించింది. స్కూటర్ మెయిన్ రోడ్డెక్కింది. గోతి వచ్చిన ప్రతిసారీ వెనక నుంచి పళ్ల మధ్య గాలి పీల్చిన చప్పుడు. ఏడుపు మాత్రం లేదు.

ఎల్బీనగర్ చౌరస్తా వచ్చేసరికి దారి మూసుకుపోయింది. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు. వాటి మీద గుండిగలు. నాలుగు దిక్కుల నుంచీ వచ్చే బండ్లను ఆపేసి, అక్కడే వండి అక్కడే వడ్డించే వంటావార్పు నడుస్తోంది. గులాబీ కండువాలు, డప్పులు, కట్టెల పొగ. గుండిగల పక్కన ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఒక కుర్రాడు స్కూటర్ ముందుకు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

“బంద్ మేడం. మల్లుండ్రి.”

“బాబూ, ఆస్పత్రికి వెళ్లాలి. దయచేసి వదలండి.”

ఆ మాట తీరుకు కుర్రాడి కనుబొమ్మలు లేచాయి. “ఏ ఊరు మేడం మీది? గుంటూరా, బెజవాడా? అందరూ దవాఖానకే అంటరు. ఆఫీసులకు పోతరు. చూడరాదు, చీరెకు పిన్నులు పెట్టుకొని ఎంత మంచిగ తయారైండ్రో! పేషంట్లు గిట్లనే పోతరా?”

చుట్టూ నవ్వులు. ఇంకో ఇద్దరు దగ్గరికి వచ్చారు. అప్పుడు వెనక నుంచి మాలతి దిగి ముందుకు వచ్చింది. తువ్వాలు తీసేసి చేతులు చాపింది.

“అన్నా, పోచంపల్లి పిల్లను. చేతులు కాలినయి. జర తొవ్వ ఇయ్యరాదే.”

కుర్రాడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న ఆవిడ “అయ్యో బిడ్డా!” అని కత్తి పడేసి లేచింది. “జరుగుండ్రి! ఓ తమ్మీ, గా కట్టె తియ్!”

పొయ్యిల మధ్య నుంచి స్కూటర్ పోయేంత సందు ఏర్పడింది. ఆ కుర్రాడే ముందు పరుగెత్తుతూ, అరుస్తూ, ఆస్పత్రి మలుపు దాకా దారి చేశాడు.

* * *

పట్టాభి లాబీలోనే ఎదురయ్యాడు. పగిలిన పెద్ద అద్దం స్థానంలో ప్లైవుడ్ కొట్టిస్తున్నాడు.

“రండి మేడం. మొన్న గుంపు వచ్చింది. మా యాజమాన్యం మన ఆంధ్ర వైపు వాళ్లని ఎవరో ప్రచారం చేశారు. చూశారుగా అద్దం గతి.” మాలతి వైపు తిరిగాడు. “ఈ అమ్మాయేనా? ఏ ఊరమ్మా?”

“పోచంపల్లి అండీ.”

“బ్రహ్మాండం! మేడం, పైనుంచి ఒకటే మాట. ముందు డెస్క్‌లో లోకల్ పిల్ల ఉండాలి. వచ్చినవాళ్లు నోరు తెరిచేలోపే, ఈ పిల్ల మనదే అనిపించాలి. డిగ్రీలొద్దు, ఇంగ్లీషు తర్వాత నేర్పిద్దాం. కూర్చోమ్మా.” డెస్క్ వెనక కుర్చీలో తను కూర్చుని, ఎదురు కుర్చీ చూపించాడు.

సూర్యప్రభ నోరు తెరిచింది. మాలతి ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కుర్చీ అంచున, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. తువ్వాలు ఒళ్లో.

“అమ్మా, ఎవరో కోపంగా వచ్చారు. డాక్టరు లేట్ చేశాడని అరుస్తున్నారు. ఏమంటావు?”

“అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. దయచేసి కూర్చోండి. మీ వివరాలు తెలియజేస్తే...”

“ఇలా వద్దమ్మా. ఇది విజయవాడ హోటల్ మాట. మీ ఊళ్లో మీ అన్నతో ఎలా అంటావు? అలా అను.”

మాలతి పెదవులు కదిలాయి. మాట రాలేదు. సూర్యప్రభ వైపు భయంగా చూసింది. చౌరస్తాలో కుర్రాడితో మాట్లాడిన పిల్లేనా ఈమె! మాట నోటిదాకా వస్తోంది, ఎవరో లోపల దిద్దుతున్నారు, ఆగిపోతోంది. నుదుటి మీద చెమట.

“సరే, కంగారు పడకు. అలవాటవుతుంది,” అన్నాడు పట్టాభి. “నువ్వు నాకు నచ్చావు. ఇదిగో, ఈ కంప్యూటర్‌లో నీ పేరు కొట్టు. అది వస్తే చాలు, మధ్యాహ్నం నుంచే కూర్చోవచ్చు.”

కీబోర్డు ముందుకు జరిపాడు.

మాలతి లేచింది. నవ్వు చెదరలేదు. కుడిచెయ్యి తువ్వాల్లోంచి తీసి ఒక అక్షరం నొక్కింది. రెండో అక్షరం నొక్కింది. వేలు తీసినప్పుడు వేలి చర్మం మీట మీదే ఉండిపోయింది.

పట్టాభి కుర్చీ వెనక్కి పడిపోయింది.

“ఏంటిది? ఏమైంది ఆ చేతికి?”

“రంగు ఉండెనండీ,” అంది మాలతి. “అద్దకం రంగు. దించిన.”

“ఎందుకు?”

సూర్యప్రభ చెప్పింది. “నేనే చెప్పాను. మీరు ముందు చేతులు చూస్తారని.”

“నేనా?” పట్టాభి ఆమెను వింతగా చూశాడు. “చేతులు చూడటం ఆ హోటల్ మేనేజర్ అలవాటు మేడం, నాది కాదు. ఈ రోజుల్లో చేనేత పిల్ల, చేతికి రంగుందంటే ఆ రంగుతోనే కూర్చోబెట్టేవాణ్ణి. పైవాళ్లు ఇంకా సంతోషించేవాళ్లు.”

మాలతి ఆ మాట విన్నది. అంతవరకూ నిటారుగా ఉన్న వీపు ఒక్కసారిగా వంగిపోయింది. నొప్పికి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. గొంతెత్తి, లాబీలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా.

ఆమెను క్యాజువాలిటీలోకి తీసుకెళ్లారు. సూర్యప్రభ పట్టాభి వెనక పరుగెత్తింది.

“కొన్నాళ్లు ఆగండి. తగ్గగానే వచ్చేస్తుంది. తెలివైన పిల్ల, మీరు చూశారు కదా.”

“ఆగలేను మేడం. మధ్యాహ్నానికి డెస్క్‌లో మనిషి ఉండాలి. బయట ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరూ లోకలే.”

“పోనీ ఫోన్ల దగ్గర పెట్టండి. ఎవరికీ కనబడదు.”

“ఫోన్ ఎత్తాలన్నా చెయ్యి కావాలి కదండీ,” అన్నాడు పట్టాభి. మంచివాడే. ఆ మాట అంటున్నప్పుడు నేల చూశాడు.

కుర్ర డాక్టరు అరగంట తర్వాత బయటికి వచ్చాడు. నిప్పుతో కాలితే పైపైన కాలుతుందని, ఇది గంటల తరబడి లోపలికి తింటూ పోయిందని చెప్పాడు. ఎడమ చెయ్యి కొంత నయం. కుడిచేతి వేళ్ల కొసల్లో స్పర్శ మళ్లీ వస్తుందో లేదో తెలియదు. వేళ్లు వంకర తిరిగి బిగుసుకుపోకుండా చూడాలి, అయినా పిడికిలి పూర్తిగా మూసుకుంటుందన్న నమ్మకం లేదు.

“ఏం పని చేస్తుందండీ అమ్మాయి?” అని అడిగాడు.



* * *

శంకరయ్య మర్నాడు పాల వ్యానులో వచ్చాడు. మాలతి తండ్రి. పొట్టి మనిషి, మాసిన ధోవతి. ఆయన చేతులు కూడా మణికట్టు దాకా ఎరుపే. మంచం పక్కన నిలబడి, కట్లు కట్టిన కూతురి చేతులు చాలాసేపు చూశాడు.

“వేడి చేసినవా బిడ్డా?”

“చేసిన నాయినా.”

“కాస్టికు ఎంత ఏసినవ్?”

“నూలు కండెలకు ఏసినంత.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. “నీకు దెల్వదా? చిన్నప్పటి సంది చూస్తలేవా? నూలుకు పాణం లేదు బిడ్డా.”

“రంగు పోవాలె నాయినా,” అంది మాలతి. “ఒక్క మరక ఉండొద్దు.”

సూర్యప్రభ తలుపు దగ్గర నిలబడి ఉంది. శంకరయ్య ఆమె వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగాడు.

“మేడం, గా నౌకరిల చేతులతోని ఏం పని ఉంటది?”

“ఫోన్ ఎత్తాలండీ. వచ్చినవాళ్ల పేర్లు కంప్యూటర్లో ఎక్కించాలి.”

“గంతేనా?”

“అంతే.”

“రంగుంటే ఫోను లేవదా?”

 

“మాలతిని ఇక్కడే ఉంచండి,” అంది సూర్యప్రభ. “పూర్తిగా నయమయ్యేదాకా నేను చూసుకుంటాను. మా ఇంట్లో పెట్టుకుంటాను.”

“వద్దు మేడం. మీరు చూసుకున్నది సాలు.”

కటువుగా అనలేదు. కానీ ఆ తర్వాత ఆ గదిలో సూర్యప్రభకు నిలబడే చోటు లేకపోయింది. వరండాలోకి వచ్చింది. లోపల తండ్రీ కూతుళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

“అమ్మకు చెప్పినవా?”

“చెప్పిన. ఏడుస్తుంది.”

“దసరాకు రెండు చీరెలు ఇయ్యాలె గద. ఆసు ఎవరు పోస్తున్నరు?”



“ఎవరు పోస్తరు బిడ్డా? మీ అమ్మనే కూసుంది. ఎడమ చేత్తోని తిప్పుతుంది.”

“నేనొచ్చి పోస్త అనుకున్న. నౌకరి రాకపోతె నేనే పోస్త అనుకున్న గద నాయినా!”



డాక్టర్లు ఇంకొన్నాళ్లు ఉండమన్నా శంకరయ్య ఉంచలేదు. తమ పక్క ఊళ్లో ప్రభుత్వ దవాఖాన ఉందని, రోజూ తనే కట్లు మార్పిస్తానని అన్నాడు. కొన్ని రోజులకు వాళ్లను పంపించారు. సూర్యప్రభ గేటు దగ్గర కాచుకుని ఉంది. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. కొత్తపేట మార్కెట్‌లో బత్తాయిలు దించి ఖాళీగా చౌటుప్పల్ వైపు తిరిగిపోతున్న లారీని ఆమే మాట్లాడింది. డ్రైవరు క్యాబిన్ నిండా మనుషులున్నారు. వెనక ఎక్కాలి.

మాలతి లారీ పక్కన నిలబడి పైకి చూసింది. ఎక్కడానికి ఇనుప కమ్మీ పట్టుకోవాలి. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. శంకరయ్య పైకెక్కి వంగి ఆమె చంకల కింద చేతులు వేశాడు. కింద నుంచి సూర్యప్రభ నడుము పట్టి ఎత్తింది. ఇద్దరూ కలిసి మూట ఎత్తినట్టు ఆ పిల్లను పైకి చేర్చారు. చీర మోకాలి దాకా పైకి జరిగింది. సర్దుకోవడానికి మాలతికి చేతుల్లేవు. శంకరయ్య మొహం పక్కకు తిప్పుకుని కుచ్చిళ్లు కిందికి లాగాడు.

“మేడం,” అంది మాలతి పై నుంచి. “ఇంకెక్కడన్న ఉంటే చెప్తరా? చేతులతోని పని లేనిది?”

“చెప్తాను,” అంది సూర్యప్రభ.

ఆ గొంతు విని మాలతి మొహం రోడ్డు వైపు తిప్పుకుంది.

లారీ కదిలింది. ఖాళీ పెట్టెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఆ కుదుపుకు మాలతి పక్కకు ఒరిగిపోయింది. పట్టుకోవడానికి పక్కనే తాడుంది, ఆమె చెయ్యి అటు లేచి గాల్లోనే ఆగిపోయింది. శంకరయ్య జరిగి భుజం అడ్డం పెట్టాడు. ఆమె ఆ భుజానికి ఆనుకుని, రెండు చేతులూ ఎవరివో అన్నట్టు ఒళ్లో పెట్టుకుంది. లారీ పొయ్యిల బూడిద మీదుగా చౌరస్తా దాటి, విజయవాడ రోడ్డెక్కి వెళ్లిపోయింది.